తపాలా ఓటు తెరచువేళ

రాయపూరు చెంతనున్న బీర్‌గావ్ వంటి పారిశ్రామిక పట్టణమందైనను, మన గుంటూరునందైనను, శాసనసభ ఎన్నికల లెక్కింపు తపాలా ఓట్లతోనే ప్రారంభమగును. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమావళి ననుసరించి, అభ్యర్థి గాని, ఆయన ఎన్నికల ఏజెంటు గాని ఫారం 18 ద్వారా లెక్కింపు ఏజెంట్లను నియమింపవచ్చును. కాని పలువురు తమ సమర్థులను యంత్రముల బల్లలకడనే నిలిపి, తపాలా బల్లను ఉపేక్షింతురు. ఇది పొరపాటని నా నిశ్చితాభిప్రాయము.

ఏలయన, పై కవరు విప్పినంతనే ఓటరు ప్రకటనయగు ఫారం 13ఎ పరీక్షింపబడును. అది లేకున్నను, సంతకమో ధ్రువీకరణమో లోపించినను, అందలి క్రమసంఖ్య లోపలి కవరుపై సంఖ్యతో సరిపడకున్నను, ఆ కవరును తెరువనే తెరువరు. సక్రమమైన ప్రకటనలను వేరుగా కట్టి ముద్రవేసిన పిదపనే లోపలి కవర్లను విప్పుదురు. ఎవరి ఓటు ఎవరికి పడినదో తెలియకుండుటకై చేసిన ఈ ఏర్పాటు ఎంతయు ప్రశంసనీయము.

2024లో ఆంధ్రప్రదేశమున, ధ్రువీకరించిన అధికారి సంతకము మాత్రముండి, ముద్ర లేని ప్రకటనలు చెల్లునాయను వివాదము హైకోర్టును, జూన్ 3న సుప్రీంకోర్టును చేరెను. న్యాయస్థానములు జోక్యము చేసికొనలేదు. మరునాడే లెక్కింపు జరిగెను.

అభ్యర్థులారా, తపాలా బల్లకడకు నియమములెరిగినవారినే పంపుడు.