సందేశములకు వారధి: కంప్యూటరు నెట్‌వర్కులలో బ్రిడ్జి

ఒక గదిలో నలుగురు కూర్చుండి ఒకరి తరువాత ఒకరు మాటలాడినచో అందరికిని వినబడును. ఆ గదిలోనే నలుబదిమంది చేరి ఒక్కసారిగా గొంతెత్తినచో ఎవరి మాటయు ఎవరికిని తెలియదు. కంప్యూటర్లను ఒకే తీగకు తగిలించినపుడు కూడ ఈ చిక్కే ఏర్పడినది. 1973లో అమెరికాలోని జిరాక్సు సంస్థ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారు రూపొందించిన ఈథర్‌నెట్ పద్ధతిలో, ఒక కంప్యూటరు పంపిన సందేశము తీగపైనున్న వానికన్నిటికిని చేరును. తనకు ఉద్దేశింపబడినదానిని మాత్రమే ప్రతి కంప్యూటరును గ్రహించి, తక్కినవానిని విడిచిపెట్టును. రెండు కంప్యూటర్లు ఒకే సమయమున పంపినచో సంకేతములు ఢీకొని చెడిపోవును. రెండును ఆగి మరల పంపవలసివచ్చును. కంప్యూటర్ల సంఖ్య పెరిగినకొలది ఈ తాకిడులును పెరుగును.

దీనికి విరుగుడుగా తీగను రెండు ముక్కలు చేసి, మధ్య ఒక తెలివిగల కాపలాదారును నిలిపిరి. దానికే బ్రిడ్జి, అనగా వంతెన, అని పేరు. ఇటువారి సంభాషణ ఇటే ఉండును. అటు పోవలసిన సందేశము మాత్రమే వంతెన దాటును.

వంతెన ఎట్లు నేర్చుకొనును?

ఏ కంప్యూటరు ఏ వైపున ఉన్నదో బ్రిడ్జికి ఎవరును చెప్పనక్కరలేదు. ప్రతి ఈథర్‌నెట్ పరికరమునకును 48 బిట్ల గుర్తింపు సంఖ్య ఉండును. దీనినే మాక్ అడ్రసు అందురు. సాధారణముగా దీనిలో మొదటి 24 బిట్లు తయారు చేసిన సంస్థను, తక్కిన 24 ఆ పరికరమును తెలుపును. పంపువాని సంఖ్యయు, అందుకొనువాని సంఖ్యయు రెండును ప్రతి సందేశపు తలపై వ్రాయబడియుండును.

ఒక కళాశాలలో ఎడమ భవనమున క, ఖ అను కంప్యూటర్లును, కుడి భవనమున గ అను కంప్యూటరును ఉన్నవనుకొందము. నడుమ బ్రిడ్జి కలదు. మొదట దాని పట్టిక ఖాళీ. క అనునది గ కు సందేశము పంపగనే, అది ఎడమ ద్వారమున వచ్చుట చూచి, ‘క ఎడమవైపున ఉన్నది’ అని బ్రిడ్జి వ్రాసికొనును. గ ఎక్కడనున్నదో ఇంకను తెలియదు గనుక, వచ్చిన ద్వారమును విడిచి తక్కిన ద్వారములన్నింటిగుండ ఆ సందేశమును పంపును. గ ప్రత్యుత్తరమీయగనే ‘గ కుడివైపున ఉన్నది’ అని తెలిసికొనును. ఇట్లే ఖ జాడయు తెలిసిన పిమ్మట, క నుండి ఖ కు పోవు సందేశము కుడి భవనము తలుపు తట్టదు.

కంప్యూటరును ఒకచోటినుండి వేరొకచోటికి మార్చినచో ఏమగును? అది క్రొత్త చోటినుండి ఒక్క సందేశము పంపినంతనే పట్టిక సవరింపబడును. చాలసేపు మౌనముగానున్న వాని పేరును బ్రిడ్జి కొట్టివేయును. ఇందులకు వాడుకలోనున్న గడువు 300 సెకండ్లు.

సుడిగుండము

ఒక వంతెన చెడినను రాకపోకలు ఆగకుండుటకై రెండవ వంతెన కట్టుట సహజము. కాని ఇక్కడనే అపాయమున్నది. అందరికిని ఉద్దేశించిన చాటింపు సందేశమును మొదటి వంతెన అటు పంపగా, రెండవది దానిని ఇటు పంపును; మరల మొదటిది అటు పంపును. ఇన్ని వంతెనలు దాటిన పిమ్మట నశింపవలెనను గడువు ఈథర్‌నెట్ సందేశమున లేదు. కావున అది తిరుగుచునే యుండును. ఇటువంటివి కొన్ని చేరగనే నెట్‌వర్కు స్తంభించును.

డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థలో పనిచేసిన రేడియా పెర్ల్‌మన్ అను విదుషి 1985లో దీనికి ఉపాయము కనుగొనెను. వంతెనలు తమలో తాము సంప్రదించుకొని, ఒకదానిని వేరుగా ఎన్నుకొనును. ప్రతి వంతెనయు ఆ వేరును చేరుటకు మేలైన దారిని ఉంచుకొని, సుడికి తావిచ్చు దారులను మూసివేయును. మిగిలినది కొమ్మలేగాని వలయములు లేని చెట్టు. ఒక కొమ్మ విరిగినచో మూసిన దారి తెరచుకొనును. ఈ పద్ధతి 1990లో అంతర్జాతీయ ప్రమాణమైనది. మొదట దారి మారుటకు 30 నుండి 50 సెకండ్లు పట్టెడిది. 2001లో వచ్చిన సవరణతో అది మిక్కిలి తగ్గినది.

ఈ ఉపాయమునకును హద్దు కలదు. 2002 నవంబరులో బోస్టను నగరమందలి బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్యశాల నెట్‌వర్కు సుమారు నాలుగు దినములు కుంటువడినది. వంతెనకు వంతెన అతుకుచు పోగా, చెట్టు పద్ధతి నిర్వహింపగల పరిధిని ఆ నెట్‌వర్కు మించినది. అన్ని దినములును అక్కడి సిబ్బంది కాగితములతో పని నడపవలసివచ్చినది. పిదప ఆ నెట్‌వర్కును రౌటర్లతో భాగములుగా విభజించిరి.

కొన్ని సందేహములు

బ్రిడ్జికిని రౌటరునకును భేదమేమి? మాక్ అడ్రసు పుట్టుమచ్చ వంటిది; మనిషి ఎక్కడికి పోయినను వెంటనుండును. ఐపీ అడ్రసు ఇంటి చిరునామా వంటిది. ఊరు మారినచో మారును. బ్రిడ్జి పుట్టుమచ్చను చూచి ఒకే ఊరిలో అందజేయును. రౌటరు చిరునామాను చూచి ఊరూరికి సాగనంపును. చాటింపు సందేశము బ్రిడ్జిని దాటును. సామాన్యముగా రౌటరును దాటదు.

స్విచ్చి అనునది వేరైనదా? కాదు. అది అనేక ద్వారములుగల బ్రిడ్జియే.

ఇంటి మోడెమును ‘బ్రిడ్జి మోడు’లో నుంచుట యననేమి? అపుడు మోడెము రౌటరు పనిని మానుకొని, లైనుపై వచ్చినదానిని యథాతథముగా అందించును. లోపలి కంప్యూటర్లకు చిరునామాలిచ్చు బాధ్యత మనము తగిలించిన రౌటరుపై పడును. రెండు రౌటర్లు ఒకే పనిని రెండుమారులు చేయు చిక్కు తప్పును.

వైఫైతో కలిసిన లాప్‌టాప్‌ను బ్రిడ్జిగా చేయుట ఏల కష్టము? వైఫై కేంద్రము తనవద్ద నమోదైన మాక్ అడ్రసునుండి వచ్చు సందేశములనే సాధారణముగా అంగీకరించును. లాప్‌టాప్ వెనుకనున్న వేరొక కంప్యూటరు సంఖ్య అక్కడ నమోదై యుండదు. తీగపై ఇట్టి నిర్బంధము లేదు.

పట్టికలో వ్రాసికొనుట, తెలిసినచోటికి పంపుట, తెలియనిచో అందరికిని పంపుట: బ్రిడ్జి విద్య ఈ మూడింటిలోనే ఉన్నది. చిన్న నెట్‌వర్కునకు ఇది చాలును. నెట్‌వర్కు పెరిగినపుడు, ఎంతవరకు వంతెనతో కలుపవలెనో, ఎచ్చట రౌటరుతో విడదీయవలెనో ముందుగా నిర్ణయించుకొనుట క్షేమము.