నీళ్ళ అడుగున అరగంట

(మహిళా కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



చలికాలం వచ్చిందంటే ఇళ్ళల్లో ప్రయాణాల మాట మొదలవుతుంది. మా చిన్నతనంలో ప్రయాణమంటే తిరుపతి, లేకపోతే అమ్మమ్మగారి ఊరు. ఇప్పుడు పిల్లలు "అండమాన్ వెళదాం, స్కూబా చేద్దాం" అంటున్నారు. స్కూబా అంటే ఏవిటంటే, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రం లోపలికి దిగి, కాసేపు చేపల మధ్య తిరిగి రావడం. అమెరికా వాళ్ళు ఇందుకోసం కరిబియన్ సముద్రంలోని చిన్న చిన్న దీవులకు పోతారు. అక్కడ బొనైర్ అనే దీవిలో ఎక్కడెక్కడ దిగవచ్చో ఒడ్డు పొడుగునా పసుపు రంగు రాళ్ళు పెట్టి చూపిస్తారు. మనకు ఆ ముచ్చట తీరేది అండమాన్‌లో. నిరుడు నేను దిగి వచ్చాను. అంతకు ముందు ఏడు దిగబోయి భంగపడి వచ్చాను. ఆ భంగపాటు సంగతే ముందు చెబుతాను, మీకు ఎక్కువ పనికొచ్చేది అదే కనుక.

మాది కంకిపాడు. కాలవకు నీళ్ళు వదిలినన్నాళ్ళూ మగపిల్లలు వంతెన మీంచి దూకి ఈతలు కొట్టేవాళ్ళు. మేం బిందెలు ముంచుకుని వచ్చేవాళ్ళం. మోకాలి లోతు దాటితే అమ్మ గట్టు మీంచి కేకేసేది. చుట్టూ కాలవలున్న డెల్టాలో పుట్టి, ఈత రాకుండానే యాభై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళం ఎంతమందిమి లేము! 2016 కృష్ణా పుష్కరాల్లో ముక్కు పట్టుకుని మూడు మునకలు వేయడమే నేను చేసిన సాహసం.

అమ్మాయీ అల్లుడూ బయలుదేరదీస్తే మేం చెన్నై వెళ్ళి విమానం ఎక్కాం. రెండు గంటల పైచిల్లర ప్రయాణం. విశాఖ నుంచి ఓడ కూడా ఉందిగాని రెండు రోజుల పైన పడుతుంది, అదీ ఎప్పుడోగాని ఉండదు. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. దిగామో లేదో తెలుగు మాటలు వినిపించాయి. ఆశ్చర్యమేమీ లేదు, 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా రాయించుకున్నారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి చేపల వేటకూ కూలికీ పోయి స్థిరపడినవాళ్ళు వాళ్ళల్లో చాలామంది. అక్కణ్ణించి పడవలో సుమారు రెండు గంటలు పోతే హేవ్‌లాక్ దీవి. 2018 డిసెంబరు నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్. నీటిలో దిగించే వాళ్ళు ఎక్కువమంది అక్కడే ఉన్నారు.

దిగే ముందు ఒక కాగితం ఇస్తారు. ఉబ్బసం ఉందా, గుండెజబ్బు ఉందా, మూర్ఛలు వస్తాయా, చెవికి ఆపరేషన్ అయిందా, గర్భవతా, జలుబు చేసిందా అని ప్రశ్నలు. నాకు రెండు రోజులుగా జలుబు. అయినా "లేదు" అని గీత పెట్టి సంతకం చేశాను. డబ్బు కట్టేశారు, అల్లుడు సెలవు పెట్టుకుని వచ్చాడు, నా తుమ్ముల కోసం అందరూ ఆగాలా అనిపించింది. జ్వరం వచ్చినా పైకి చెప్పకుండా పొయ్యి దగ్గర నిలబడే అలవాటు కదా మనది. ఇంతలో నేర్పే కుర్రాడు హిందీ, ఇంగ్లీషు కలిపి సైగలు చెప్పాడు. సగం అర్థం కాకపోయినా తల ఊపాను.

నీళ్ళల్లోకి రెండు మీటర్లు దిగామో లేదో చెవిలో సూది పెట్టి పొడిచినట్టయింది. బాగానే ఉందా అని అతను చేత్తో అడిగాడు. ఓర్చుకుందాంలే అనుకుని, బాగానే ఉందన్నట్టు బొటనవేలు పైకెత్తి చూపించాను. వెంటనే నన్ను మెల్లిగా పైకి తెచ్చేశాడు! పైకొచ్చాక "బాగుందంటే ఎందుకు తెచ్చావు బాబూ?" అంటే, పడవ మీది శ్రీకాకుళం కుర్రాడు నవ్వి చెప్పాడు, నీళ్ళల్లో బొటనవేలు పైకెత్తితే "పైకి పోదాం" అని అర్థమట. బాగుంది అని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. ఇబ్బందిగా ఉంటే అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి అటూ ఇటూ ఆడించి, ఎక్కడ బాధో అక్కడ వేలు పెట్టి చూపాలి. ఆ తప్పు సైగే నా చెవిని కాపాడింది. ఆ ప్రయాణంలో మళ్ళీ నన్ను దించనన్నాడు. పది రోజులు చెవి దిబ్బెళ్ళు వేసింది. బెజవాడలో చెవి డాక్టరు చూసి, ఇంకాస్త లోతుకు పోయి ఉంటే కర్ణభేరి చిరిగేదన్నాడు.

ఎందుకలా అవుతుందో ఇంట్లోనే చూడవచ్చు. ఒక గాజుగ్లాసు బోర్లించి నిండు బకెట్లోకి నిట్టనిలువుగా నొక్కండి. లోపలి గాలి ఎటూ పోలేక, నీళ్ళు అంచు దగ్గర కొద్దిగా పైకెక్కుతాయి. అంటే గాలి నలిగింది. అదే గ్లాసును సముద్రంలో 10 మీటర్ల లోతుకు, అంటే మూడంతస్తుల మేడంత కిందికి తీసుకుపోతే, గాలి సగానికి సగం అయిపోతుంది. మన చెవిలో కర్ణభేరి వెనక అలాంటి గాలిగది ఉంది. దానికీ ముక్కు వెనక భాగానికీ మధ్య సన్నటి గొట్టం. ముక్కు మూసుకుని మెల్లిగా గాలి ఊదితే ఆ గొట్టం తెరుచుకుని లోపలికి గాలి పోతుంది, నొప్పి ఉండదు. విమానంలో చేసే పనే ఇది. జలుబు చేస్తే గొట్టం వాచి మూసుకుపోతుంది, ఎంత ఊదినా లాభం లేదు. నొప్పి వచ్చాక ఊదడం కాదు, రాకముందే, ప్రతి రెండు మూడడుగులకూ ఒకసారి ఊదుతూ దిగాలి. నొప్పి వస్తే ఆగి, కాస్త పైకి రావాలి. ఓర్చుకోవడం అనేది అక్కడ సుగుణం కాదమ్మా.

ఇక ఊపిరి సంగతి. సిలిండరులో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. అబ్బే, మనం పీల్చే మామూలు గాలే, బాగా కుక్కి పెట్టింది. దాన్ని నోటికి అందించే పరికరం మన గ్యాస్ పొయ్యి రెగ్యులేటరుకు దూరపు చుట్టం. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో పెట్రోలు దొరక్క కార్లు గ్యాసుతో నడిపేవారు. అందుకోసం ఎమీల్ గాన్యాఁ అనే ఇంజనీరు ఒక రెగ్యులేటరు తయారుచేశాడు. నౌకాదళంలో పనిచేస్తున్న జాక్ కూస్తో అనే ఆయనకు నీటి కింద ఊపిరి పీల్చే సాధనం కావలసి వచ్చింది. ఆయన భార్య సిమోన్ తండ్రి గాన్యాఁ పనిచేసే కంపెనీలో పెద్ద హోదాలో ఉండేవాడు. మామగారి ద్వారా ఇద్దరూ కలిసి, 1943లో దాన్ని నీటికి పనికొచ్చేట్టు మార్చారు. మనం పీల్చినప్పుడే గాలి వస్తుంది, అదీ ఆ లోతులో నీటి ఒత్తిడి ఎంతో అంతే ఒత్తిడితో వస్తుంది. కనుక ఎంత లోతులోనైనా ఊపిరితిత్తులు నిండుగానే ఉంటాయి.

ప్రమాదమూ అక్కడే ఉంది. లోతులో నిండుగా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే, 10 మీటర్ల దగ్గర ఒకటిగా ఉన్న గాలి పైకొచ్చేసరికి రెండవుతుంది. అంత చోటు రొమ్ములో లేదు, ఊపిరితిత్తులు చిరుగుతాయి. మీటరు, మీటరున్నర నుంచి వచ్చినా ప్రమాదమే. అందుచేత ఈ విద్యలో మొదటి సూత్రం ఎన్నడూ ఊపిరి బిగబట్టకూడదని. పీలుస్తూ వదులుతూ ఉండాలి. చెప్పడం తేలిక. పుష్కర స్నానం చేసిన మనకి నీళ్ళల్లో తల పెట్టగానే ఊపిరి దానంతటదే బిగుసుకుంటుంది. ఈ అలవాటు తప్పించడానికే ముందు నడుం లోతు నీళ్ళల్లో పావుగంటో అరగంటో కూర్చోబెట్టి అభ్యాసం చేయిస్తారు. అది చేయించకుండా నేరుగా లోతుకు తీసుకుపోతామంటే ఆ మనిషితో వెళ్ళకండి.

మరొకటి, తిరుగు ప్రయాణం. ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో కరుగుతుంది, గోలీ సోడాలో గ్యాసు కరిగినట్టు. గోలీ నొక్కగానే సోడా బుసబుసా పొంగుతుంది కదా, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే ఒంట్లోనూ బుడగలు పుడతాయి. కీళ్ళు పీకుతాయి, ఒక్కోసారి కాళ్ళు పడిపోతాయి. పైకి మెల్లిగా రావాలనేది అందుకే. విమానం ఎక్కితే ఒత్తిడి ఇంకా తగ్గుతుంది. ఒక్కసారి దిగినవాళ్ళు కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగినవాళ్ళు కనీసం 18 గంటలు ఆగి ఎక్కాలి. టిక్కెట్లు కొనే వాళ్ళకు ఈ మాట ముందే చెప్పండి. ఆఖరి రోజు పొద్దున నీళ్ళు, సాయంత్రం విమానం అని పెట్టుకోవద్దు.

గర్భవతులు అసలు దిగకూడదు. ఉబ్బసం, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవాళ్ళు, రక్తపోటుకు మందులు మింగేవాళ్ళు, నలభై అయిదు దాటినవాళ్ళు ఊళ్ళో బయలుదేరకముందే డాక్టరును అడిగి చీటీ రాయించుకోవాలి. అక్కడికి వెళ్ళాక "లేదు" అని గీత పెట్టి సంతకం చేస్తే ఆ అబద్ధం మన ఒంటి మీదికే వస్తుంది. నెలసరి రోజుల్లో దిగవచ్చా అని చాలామంది చాటుగా అడుగుతున్నారు. ఓపిక ఉంటే దిగవచ్చు. సొరచేపలు వెంటపడతాయనేది వట్టి మాట.

బట్టల గురించి బెంగ వద్దు. మెడ నుంచి మోకాళ్ళ దాకానో పాదాల దాకానో కప్పే రబ్బరు దుస్తులు వాళ్ళే ఇస్తారు, లోపల ఒంటికి అంటుకునే బట్టలు వేసుకుంటే చాలు. గాజులు, గొలుసులు గదిలో పెట్టి వెళ్ళండి. జడ బిగించి అల్లుకోండి, నాలుగు వెంట్రుకలు కళ్ళద్దం అంచుకింద ఉన్నా నీళ్ళు లోపలికి వస్తాయి. మావారి మీసాలు ఎంత తంటా తెచ్చాయో చెప్పలేను! మామూలు కళ్ళజోడు పనికిరాదు, చూపుకు తగ్గ అద్దాలున్న మాస్కు ఉందేమో ముందే అడగండి.

రెండో ఏడు మళ్ళీ వెళతానంటే "ఈ వయసులో ఇదేం సరదా" అన్నారు వాళ్ళూ వీళ్ళూ. కొరియా దేశంలో జెజు దీవి అని ఉంది. అక్కడ హెన్యో అనే ఆడవాళ్ళు సిలిండరు లేకుండా, ఒట్టి ఊపిరితో మునిగి గవ్వచేపలు, సముద్రపు నాచు ఏరి సంసారాలు నడిపారు. ఇప్పుడు మిగిలినవాళ్ళలో చాలామంది అరవై దాటినవాళ్ళే. 2016లో యునెస్కో వాళ్ళ సంప్రదాయాన్ని గుర్తించింది. ఇందాక చెప్పిన కరిబియన్‌లోనే, సెయింట్ జాన్ దీవి దగ్గర, 1970లో సిల్వియా ఎర్ల్ నాయకత్వంలో అయిదుగురు అమెరికా స్త్రీలు సుమారు 15 మీటర్ల లోతున కట్టిన గదిలో రెండు వారాలు కాపురం ఉండి పరిశోధన చేశారు. మగవాళ్ళతో కలిపి పంపడం బాగుండదని విడిగా ఆడవాళ్ళ జట్టు చేశారట. పత్రికలేమో పరిశోధన వదిలిపెట్టి వాళ్ళకు చిలిపి పేర్లు పెట్టాయి. చిన్న పిల్లల్ని వదిలి పోయిందని సిల్వియాను అడగనివాళ్ళు ఉండి ఉంటారా!

సరే, ఈసారి జలుబు లేదు. ఆ శ్రీకాకుళం అబ్బాయిని పక్కన పెట్టుకుని సైగలన్నీ తెలుగులో చెప్పించుకున్నాను. ఈత రానివాళ్ళను కూడా నేర్పే మనిషి సిలిండరు పట్టుకుని వెంట ఉండి తీసుకుపోతాడు, ఇలాంటి తొలి ప్రయత్నంలో 12 మీటర్లకు మించి తీసుకుపోరు. మొదటి అయిదు నిమిషాలు గుండె దడదడలాడింది. తరువాత నా ఊపిరి చప్పుడు నాకే వినిపిస్తూ, బుడగలు చెవి పక్క నుంచి పోతూ, ఒళ్ళు బరువు తెలియకుండా పోయింది. నీళ్ళల్లో వస్తువులు ఉన్నదానికంటే పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి. ఎరుపు రంగు మాత్రం మొదట్లోనే మాయమవుతుంది. మా అమ్మాయి గోళ్ళ రంగు కాఫీపొడి రంగులో కనిపించింది. చిలకచేపలు పగడపు దిబ్బను కొరుకుతుంటే కరకరమని వినబడింది. అవి తిని విసర్జించిన పిండే ఇలాంటి తీరాల్లో తెల్లటి ఇసుక అవుతుందంటే నమ్మబుద్ధి కాలేదు. సముద్రపు పువ్వులాంటి జీవి చేతుల మధ్య నారింజ రంగు చేపలు కాపురం ఉంటాయి. ఆ ఇంటికి పెద్ద ఆడచేపే. అది పోతే మగచేప ఆడదిగా మారి పెత్తనం అందుకుంటుందట.

ఆ దిబ్బలు రాళ్ళు కావు, ప్రాణులు. మన ఉంగరాల్లో పొదిగే ఎర్ర పగడం వేరు, అది ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చేది. ఇక్కడి బండ పగడాలు ఏడాదికి సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతాయి. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు చాలా మట్టుకు తెల్లబోయాయి. చెయ్యి తగిలినా, కాలి తొడుగు తగిలినా విరుగుతాయి. ఒడ్డున పడి ఉన్న ముక్క అయినా బొమ్మలకొలువుకు బాగుంటుందని సంచిలో వేసుకోకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి అవి రక్షిత జీవులు, విమానాశ్రయంలో సంచులు వెతుకుతారు. మా పక్కన నిలబడ్డ ఒకావిడ సంచిలోంచి అలాంటివి బయటపెట్టించారు, పాపం ఆవిడ ముఖం చూడలేకపోయాం.

ఒక్కసారికి మనిషికి ఖర్చు వేలల్లోనే ఉంటుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నీళ్ళు తేటగా ఉంటాయి. అంత దూరం పోలేనివాళ్ళకు విశాఖ రుషికొండ దగ్గర కూడా దించేవాళ్ళున్నారు, నీళ్ళు అండమాన్ అంత తేటగా ఉండవనుకోండి. మా మనవరాలికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. పదేళ్ళు నిండితే పిల్లలకు కూడా నేర్పి పత్రం ఇస్తారు, కాని అందుకు 200 మీటర్లు ఈది, పది నిమిషాలు నీటి మీద తేలి చూపించాలి. అందుకని దాన్ని బెజవాడలో ఈతకొలనుకు పంపుతున్నాం. ఆడవాళ్ళకు విడిగా గంట కేటాయిస్తారా అని అక్కడ అడిగాను. పదిమంది పేర్లు ఇస్తే చూస్తామన్నారు. ఏడు పేర్లు పోగయ్యాయి.