జోనంగి ఆడ జాగిలాల ప్రజనన విరమణ, పునరావాసం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు పరిసరాలలో బాతుల మందలను కాయడానికి రైతులు పెంచుకున్న దేశవాళీ జాతి జోనంగి. దీనికి కొల్లేటి జాగిలమనే పేరు కూడా ఉంది. అతి పొట్టిగా, నున్నగా ఉండే వెంట్రుకలు, నేలను తవ్వే స్వభావం, మొరుగుడుకు బదులు సాగదీసిన కూతను పోలిన ధ్వని దీని ముఖ్య లక్షణాలు. బాతుల పెంపకం తగ్గి చేపల చెరువులు విస్తరించడంతో ఈ జాగిలానికి పని తగ్గి, ఆదరణ కూడా సన్నగిల్లింది. ఇటువంటి జాతిలో మంచి ఆడ జాగిలం దొరికినపుడు దాని నుండి వీలైనన్ని ఈతలు తీసుకోవాలనే ఆలోచన పెంపకందారులకు కలగడం సహజం. కాని, ఆ ఆలోచన తల్లికీ, జాతికీ కూడా హాని చేస్తుంది. సకాలంలో ప్రజనన విరమణ కల్పించడం జాతి సంరక్షణలో భాగమే.

ఒకే తల్లిపై ఆధారపడితే కలిగే నష్టం

ఒక మందలో జన్యు వైవిధ్యం ఎంతకాలం నిలుస్తుందనేది తలల లెక్కపై కాక, సంతానానికి తోడ్పడే తల్లిదండ్రుల లెక్కపై ఆధారపడుతుంది. మగ, ఆడ జంతువుల సంఖ్యల లబ్ధాన్ని నాలుగుతో గుణించి, వాటి మొత్తంతో భాగిస్తే ప్రభావక సంఖ్య వస్తుంది. 20 ఆడ జాగిలాలకు 2 మగవి మాత్రమే ఉంటే ఆ సంఖ్య సుమారు 7.3, మగవి 10 ఉంటే 26.7. తరానికి పెరిగే అంతఃప్రజననం మొదటి సందర్భంలో దాదాపు 6.9 శాతం, రెండవ సందర్భంలో 1.9 శాతం. తల్లులన్నీ దాదాపు సమానంగా పిల్లలను ఇస్తాయనే ఊహపై ఈ లెక్క ఆధారపడి ఉంది. ఒకే తల్లి పిల్లలే ఎక్కువైతే ప్రభావక సంఖ్య ఇంకా పడిపోతుంది. కనుక ఒక మేలైన తల్లి నుండి ఆరవ ఈత తీసుకోవడం కంటే, దానితో సంబంధం లేని మరొక ఆడ జాగిలాన్ని గుర్తించి ప్రజననంలోకి తీసుకురావడం జాతికి మేలు.

విరమణ ఎప్పుడు?

కుక్కల ప్రజనన, విక్రయ నియమాలు, 2017 ప్రకారం 18 నెలలు నిండని కుక్కను ప్రజననానికి వాడరాదు. ఒక ఆడకుక్క నుండి జీవితకాలంలో 5 ఈతలకు మించి తీసుకోరాదు. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే. చేరుకోవలసిన లక్ష్యం కాదు. కష్టమైన ప్రసవం, ఈతకు ఈతకు తగ్గుతున్న పిల్లల సంఖ్య, పాల కొరత, కోలుకోవడంలో జాప్యం కనిపిస్తే ముందుగానే విరమింపజేయాలి.

విరమణ తరువాత గర్భాశయాన్ని, అండాశయాలను తొలగించే శస్త్రచికిత్స చేయించడం మంచిది. ఆడకుక్కలో గర్భం నిలవకపోయినా, ఎద ముగిశాక దాదాపు రెండు నెలలు ప్రొజెస్టిరాన్ ప్రభావం కొనసాగుతుంది. ఎద వచ్చిన ప్రతిసారీ ఇది పునరావృతం కావడంతో వయసు మీరిన కుక్కలలో గర్భాశయానికి చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. సకాలంలో గుర్తించకపోతే ఇది ప్రాణాంతకం. పిల్లలు పాలు మాని, తల్లి పొదుగు ఎండిన తరువాత, ఎదలో లేని సమయంలో శస్త్రచికిత్స చేయించాలి. ఆ తరువాత శక్తి అవసరం తగ్గుతుంది కాబట్టి, శరీర బరువును గమనిస్తూ మేతను తగ్గించాలి.

కొత్త ఇంటి ఎంపిక

సాధ్యమైతే విరమించిన జాగిలం పుట్టి పెరిగిన ఇంటనే ఉండడం ఉత్తమం. ఎదిగిన ఆడ జాగిలాల మధ్య కలహాలు ఏర్పడినపుడో, యజమాని ప్రతి జాగిలానికీ తగిన సమయం ఇవ్వలేనపుడో పునరావాసం అవసరమవుతుంది. జోనంగి ఒక మనిషికీ, ఒక కుటుంబానికీ గాఢంగా అలవాటుపడే జాతి. అందువల్ల దానిని అడిగిన మొదటివారికి అప్పగించరాదు. పరుగెత్తడానికి చోటు, తవ్వుకోవడానికి మట్టినేల, రోజూ వెంట ఉండే మనిషి దానికి అవసరం. కైకలూరు, ఆకివీడు వైపు చెరువు గట్టుమీది ఇల్లు దానికి అనుకూలం కావచ్చు. ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలలోని ఇల్లయినా, వ్యాయామానికి వీలుంటే సరిపోతుంది. కోళ్లు, బాతులు ఉన్న ఇంట మొదట పర్యవేక్షణ తప్పనిసరి.

అప్పగింత ఒక్కరోజులో ముగించవలసిన పని కాదు. కొత్త యజమాని ముందుగా నాలుగైదుసార్లు వచ్చి, తన చేత్తో మేత పెట్టాలి. పాత పడక గుడ్డను జాగిలం వెంట పంపాలి. మేతను వారం రోజులలో క్రమంగా మార్చాలి. పాత ఇంటిని వెతుక్కుంటూ రోడ్డున పడే ప్రమాదం ఉన్నందున తొలి వారాలలో బయట గొలుసు లేకుండా విడువరాదు. టీకాల వివరాలు, శస్త్రచికిత్స పత్రం, ఈతల నమోదు పుస్తకం ప్రతి కొత్త యజమానికి అందాలి. ఇమడలేకపోతే జాగిలాన్ని తిరిగి తీసుకుంటామని పాత యజమాని వ్రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు గ్రామస్థాయిలో జోనంగి జాగిలాల వంశ వివరాలు, ఈతల సంఖ్య, విరమణ తేదీలు నమోదు చేయించడంతో ఈ కృషిని ప్రారంభించవచ్చు. ఏ తల్లికి విశ్రాంతి ఇవ్వాలో, దాని స్థానంలో ఏ ఆడ జాగిలాన్ని ఎంచుకోవాలో నిర్ణయించడానికి ఆ నమోదే ఆధారమవుతుంది.