జీతం రాళ్ళూ, చదువు గంటలూ

“చదువు అయిపోయిందిగా, ఇక ఏం చేస్తావు?” పట్టా చేతికి వచ్చిన మర్నాటినుంచి ఆడపిల్లకైనా, మగపిల్లవాడికైనా ఈ ప్రశ్న తప్పదు. అడిగేవారు రెండు జట్లు. “దొరికిన పనిలో చేరి నాలుగు రాళ్ళు సంపాదించు” అనేది ఒక జట్టు. “ఆ చిల్లర ఉద్యోగంలో పడ్డావంటే అక్కడే ఉండిపోతావు. ఇంటిపట్టున కూర్చుని సర్కారు పరీక్షకు చదువు” అనేది రెండో జట్టు. గురజాలలో మా నాన్నగారు మొదటి జట్టు, మా పెదనాన్నగారు రెండోది. వారిద్దరి మధ్యా ఆరేళ్ళు గడిపినదాన్ని గనుక, ఆ ఆరేళ్ళలో నాకు తేలిన లెక్క నలుగురికీ చెబుదామని కూర్చున్నాను.

నాది ఎమ్మెస్సీ, ఆపైన బి.యెడ్. చదువు ముగిసింది 2019లో. కోరిక ఒక్కటే: సర్కారు హైస్కూలులో సైన్సు టీచరు కావాలని. దానికి దారి డి.యస్సీ పరీక్ష.

వానా, నోటిఫికేషనూ

ఈ పరీక్షలకు పంచాంగం లేదు. 2018 అక్టోబరులో ఒక డి.యస్సీ ప్రకటన వచ్చింది. అప్పటికి నా చదువు పూర్తి కాలేదు. తరువాత 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్రకటన రద్దయింది. చివరకు 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో మెగా డి.యస్సీ వచ్చింది. అంటే ఆరున్నర సంవత్సరాలు! గ్రూప్-2 సంగతి చూడండి. 2023 డిసెంబరులో ప్రకటన, 2024 ఫిబ్రవరిలో ప్రిలిమ్స్, మెయిన్స్‌కు మళ్ళీ 2025 ఫిబ్రవరి దాకా ఆగవలసి వచ్చింది.

మా పల్నాటి మెట్టరైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. వాన ఎప్పుడు వస్తుందో తెలియదు కదా అని అతడు అరక మూలపెట్టి కూర్చోడు. వాన వచ్చేనాటికి దుక్కి దున్ని ఉంచుతాడు. ఈలోపల తిండిగింజలకు వేరే దారి చూసుకుంటాడు. మేము చేయవలసిందీ అదే. పని లేకుండా చదువుతూ కూర్చునేవాడికి ఆరేళ్ళు ఎవరు పెడతారు?

గంట ముప్ఫయి రూపాయలు

నరసరావుపేటలో ఒక ప్రైవేటు బడిలో చేరాను. నెలకు 12,000 రూపాయలు. సాయంత్రం స్టడీ అవర్లకు మరో రెండు గంటలు ఉంటే పదిహేనువందలు అదనం అన్నారు. మా నాన్నగారు సంతోషించారు. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను: రోజుకు రెండు గంటలు, నెలకు పాతిక రోజులు, వెరసి యాభై గంటలు. గంటకు ముప్ఫయి రూపాయలు. “మన ఊళ్ళో మిరపకాయల కోతకు వెళ్ళినా అంతకు తక్కువ రాదు నాన్నా!” అన్నాను. ఆయన మారుమాట్లాడలేదు. ఆ యాభై గంటలూ నా పుస్తకాలకు మిగిలాయి.

చేరేముందు ఇంకొక పేచీ. అసలు సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టాలన్నారు. నడిమధ్యలో మానివేయకుండా ఇది వారి పట్టుకొమ్మ. నకళ్ళు ఇస్తానుగాని అసలు ఇవ్వనన్నాను. మొహం ముడుచుకున్నా ఒప్పుకున్నారు. కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలకు ఈ ఒక్కమాట గట్టిగా చెబుతాను: జీతం వంద తగ్గినా ఫరవాలేదు, మీ పట్టాలు మాత్రం ఎవరి బీరువాలోనూ తాకట్టు పెట్టకండి. రేపు ఉద్యోగం వచ్చి పత్రాలు చూపించమంటే, ఎవరి గుమ్మం దగ్గరో చేతులు కట్టుకుని నిలబడవలసి వస్తుంది.

తొమ్మిది, పది తరగతుల సైన్సు పాఠాలు నాకే ఇమ్మని అడిగి తీసుకున్నాను. డి.యస్సీలో ఆ పాఠాలనుంచి కూడా అడుగుతారు గనుక, పగలు చెప్పిన పాఠమే తెల్లవారుజామున చదువుకు పునాది అయ్యేది. పైగా స్కూలు అసిస్టెంటు పరీక్షకు 80 మార్కులైతే, మిగిలిన 20 టెట్ మార్కులనుబట్టి కలుస్తాయి. టెట్ ఎన్నిసార్లైనా రాసుకోవచ్చు. డి.యస్సీ లేని రోజుల్లోనే ఈ ఇరవైలో వీలైనన్ని మూట కట్టుకోవచ్చు. నేను 2024 అక్టోబరులో కూడా రాశాను.

ఖాళీ రోజుల ముచ్చట

2020 మార్చిలో కరోనా వచ్చి బళ్ళు మూతపడ్డాయి. జీతం ఆగిపోయింది. గది ఖాళీ చేసి ఇంటికి చేరాను. ఇక చదువుకు తీరికే తీరిక అని మా పెదనాన్నగారు అన్నారు. తీరిక ఉన్నమాట నిజమే. కాని ఇంట్లో ఉప్పూ పప్పూ లెక్క చూస్తూ, అమ్మ మందులకు అప్పు తెస్తూ, పుస్తకం ముందు కూర్చుంటే అక్షరం తలకెక్కేది కాదు. జీతం ఉన్న రోజుల్లో రెండు గంటల్లో ఎక్కిన పాఠం, అప్పుడు రోజంతా కూర్చున్నా ఎక్కలేదు. చిన్న జీతమైనా అది తిండికి మాత్రమే కాదు, మనసు నిలవడానికి కూడా అని అప్పుడు తెలిసింది.

వినుకొండ మహాకవి

2022లో ఏర్పడిన మన పల్నాడు జిల్లాలోనే ఉన్నది వినుకొండ, గుర్రం జాషువాగారి పుట్టినూరు. ఆయన రాజమండ్రిలో మూకీ సినిమాలకు తెరపక్కన నిలబడి కథ చెప్పారు. గుంటూరులో పంతులుగా పనిచేశారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ప్రచారకులుగా ఉన్నారు. తరువాత మదరాసు రేడియోలో కార్యక్రమాలు నిర్మించారు. ఏ ఉద్యోగమూ ఆయన కోరిన గమ్యం కాదు. కాని ఆ ఉద్యోగాల నడుమనే 1932లో “ఫిరదౌసి”, 1941లో “గబ్బిలం” వెలువడ్డాయి. పొట్టకూటి పని పద్యాన్ని మింగివేయలేదు!

గడువు

ఇంట్లో ఒక మాట అనుకున్నాం: ముప్ఫయి ఏళ్ళు నిండేదాకా, లేదా రెండు పరీక్షలు రాసేదాకా. ఆపైన వేరే దారి. గడువు లేని ఆశ అప్పులాంటిది, వడ్డీ పెరుగుతూ పోతుంది. ఆ గడువు తెలిసిన తరువాత మా అమ్మ నా పెళ్ళిమాట ఎత్తి రోజూ కన్నీళ్ళు పెట్టుకోవడం మానింది.

2025 జూన్‌లో పరీక్ష రాశాను. మూడు లక్షలకు పైగా అభ్యర్థుల్లో నాకు చోటు దొరికింది. ఇప్పుడు జిల్లా పరిషత్తు హైస్కూలులో సైన్సు చెబుతున్నాను. నాతోపాటు అదే బడిలో పనిచేసి, అదే గదిలో చదివిన స్నేహితురాలికి రాలేదు. కాని ఆమె రిక్తహస్తాలతో మిగలలేదు. ఆరేళ్ళ అనుభవం చూపించి పెద్ద బడిలో ఇంతకు రెట్టింపు జీతానికి చేరింది. ఉద్యోగం మానుకుని కూర్చుని ఉంటే, ఫలితాలు వచ్చిన మర్నాడు ఆమె చేతిలో ఏముండేది?

కన్నవారికి నా మనవి ఒక్కటే. మీ పిల్లలు చిన్న ఉద్యోగంలో చేరితే జీతం ఎంత అని మాత్రమే అడగకండి. రోజుకు ఎన్ని గంటలు మిగులుతున్నాయో కూడా అడగండి. ఇంట్లో ఉన్నది ఆడపిల్ల అయితే, ఆ మిగిలిన గంటల్లో చిక్కుడుకాయలు ఒలవమని పిలవకండి. ఆ పని పెదనాన్నగారైనా చేయవచ్చు.