వాగు పొంగితే ఆగుదాం

కార్తీకం వచ్చింది. చేలో పత్తి తీయాలి. మొక్కజొన్న ఎండబెట్టాలి. శనగ విత్తాలి. సోమవారం మహానందికి పోవాలి. పెండ్లిళ్ళకు పోవాలి. మనకు పనులన్నీ ఈ రోజుల్లోనే. బంగాళాఖాతంలో తుఫాన్లు పుట్టేదీ ఎక్కువగా ఈ రోజుల్లోనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాటి కాలం.

"సముద్రం యాడ? మన నంద్యాల యాడ? తుఫాను మనల్ని ఏం చేస్తుంది?" అని చాలామంది అంటారు.

ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం ఏమిటో తెలుసుకుందాం.

గాలి తగ్గుతుంది, వాన తగ్గదు

తుఫానుకు బలం సముద్రం నుంచి వస్తుంది. వేడెక్కిన సముద్రపు నీరు ఆవిరి అవుతుంది. ఆ ఆవిరే తుఫానుకు మేత. నేల మీదికి రాగానే మేత దొరకదు. గాలి జోరు తగ్గుతుంది. అందుకే మన దాకా వచ్చేసరికి ఇండ్ల కప్పులు ఎగరగొట్టేంత గాలి చాలా అరుదు.

కానీ మబ్బుల్లో నీరు అట్లాగే ఉంటుంది. మనకు తూర్పున నల్లమల కొండలు ఉన్నాయి. మబ్బులు కొండలను తాకి పైకి లేస్తాయి. పైన చల్లబడతాయి. వాన కురుస్తుంది. ఆ నీరంతా కొండ దిగి మన వైపు వస్తుంది. పాలేరు, వక్కిలేరు, భవనాశి, ఇంకా పేరు లేని వంకలు ఎన్నో పొంగుతాయి. కుందూ నది నిండుతుంది.

2019 సెప్టెంబరు గుర్తుందా? అప్పుడు తుఫాను కూడా లేదు. నంద్యాల చుట్టుపక్కల కుండపోతగా వాన కురిసింది. మహానంది గుడిలోకి నీళ్ళు వచ్చాయి. కుందూ పొంగింది. ఊళ్ళకు రాకపోకలు నిలిచిపోయాయి.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అది మనకు చాలా దూరం. అయినా వాన మన జిల్లా దాకా వచ్చింది. ఎన్నో రైళ్ళు రద్దయ్యాయి.

కాబట్టి మనకు తుఫాను అంటే గాలి కాదు. రోడ్డు మీది నీళ్ళు.

కబురు చదవడం నేర్చుకుందాం

తుఫాను చెప్పకుండా రాదు. రెండు మూడు రోజుల ముందే వాతావరణ శాఖ చెబుతుంది. పేపర్లో వస్తుంది. టీవీలో అక్షరాలు కదులుతాయి. ఫోనుకు తెలుగులోనే సందేశం వస్తుంది. ఆ మాటలకు అర్థం తెలిసి ఉండాలి.

అల్పపీడనం అంటే మొదటి మెట్టు. తర్వాత వాయుగుండం. తర్వాత తీవ్ర వాయుగుండం. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుఫాను. 89 దాటితే తీవ్ర తుఫాను.

"అల్పపీడనమే కదా" అని తేలిగ్గా తీసుకోవద్దు. ఈ మెట్లు గాలిని బట్టి పెట్టినవి, వానను బట్టి కాదు. గాలి తక్కువగా ఉన్నా వాన ఎక్కువ పడవచ్చు.

రంగులు కూడా చెబుతారు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి అని. నారింజ అంటే సిద్ధంగా ఉండండి అని. ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడండి అని.

వానను సెంటీమీటర్లలో కొలుస్తారు. ఒక రోజులో ఆరున్నర సెంటీమీటర్లు దాటితే భారీ వాన. పదకొండున్నర దాటితే అతి భారీ వాన. 10 సెంటీమీటర్లంటే జానెడు కూడా కాదే అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. ఒక ఎకరం మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్ల నీళ్ళు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 80 కావాలి. అది ఒక్క ఎకరానికే. నల్లమలలో ఎన్ని వేల ఎకరాలు ఉన్నాయి!

మోకాలి లోతే కదా!

ఇట్లా అనుకోండి. ఆళ్ళగడ్డ నుంచి అడవి వైపు ఊళ్ళకు పోయే బస్సు వంక దగ్గర ఆగింది. చప్టా మీద నీళ్ళు పారుతున్నాయి. బస్సులో ఒకామె కండక్టరును అడిగింది.

"ఏమన్నా, మోకాలి లోతే కదా! పోనియ్యరాదా? రేపు పొద్దున్నే ఇంట్లో నిశ్చయ తాంబూలాలు పెట్టుకున్నాం."

"మోకాలి లోతే అక్కా. నీళ్ళ లోతు కనపడతాంది. నీళ్ళ కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో కనపడతాందా?"

"ఈ వంక మాకు తెలీనిదా? చిన్నప్పటి నుంచీ దాటుతానే ఉంటిమి."

"వంక తెలుసక్కా. ఈ పొద్దు నీళ్ళు తెలీవు. మన ఊళ్ళో వాన లేదు. కొండలో ఎంత కురిసిందో ఎవరికి ఎరుక?"

కండక్టరు చెప్పింది సత్యం. పారే నీటికి బలం ఎక్కువ. జానెడు కంటే తక్కువ లోతున్న నీళ్ళు కూడా జోరుగా పారితే మనిషిని పడగొడతాయి. అడుగు లోతు నీళ్ళు చిన్న కారును లేపుతాయి. రెండు అడుగులైతే పెద్ద వాహనాలను కూడా తోసుకుపోతాయి. టైరు నేలను వదిలిందంటే స్టీరింగు పట్టుకుని లాభం లేదు. బ్రేకు తొక్కి లాభం లేదు. ట్రాక్టరైనా అంతే.

2021 నవంబరు 19న ఏం జరిగిందో చూడండి. అది అప్పటి కడప జిల్లా. వాయుగుండం వానలకు చెయ్యేరు పొంగింది. రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. నందలూరు దగ్గర ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కుకున్నాయి. జనం బస్సుల పైకి ఎక్కారు. కొందరు బతికి బయటపడ్డారు. కొందరు కొట్టుకుపోయారు. రైలు పట్టాల కింద మట్టి కూడా కొట్టుకుపోయింది. రైళ్ళు ఆగిపోయాయి. ఆ రోజుల్లోనే కమలాపురం దగ్గర పాపాఘ్ని మీది వంతెన కూలింది.

అక్కడ తుఫాను గాలి లేదు. వాయుగుండం వాన, వరద. అంతే.

ఇంకొక మాట. కొండ వంక ఎంత తొందరగా పొంగుతుందో, చాలాసార్లు అంత తొందరగా తీస్తుంది. వాన నిలిస్తే కొన్ని గంటల్లో దారి కనపడవచ్చు. ఆ కొన్ని గంటలు ఆగలేకనే ప్రాణాలు పోతున్నాయి.

ప్రయాణం ముందే ఆలోచిద్దాం

నంద్యాలకు రైలు ఉంది. ఆళ్ళగడ్డకు రైలు లేదు. నంద్యాల నుంచి సుమారు 40 కిలోమీటర్లు రోడ్డు మీదనే పోవాలి. పెద్ద రోడ్డు తెరిచి ఉన్నా, అక్కడి నుంచి పల్లెకు పోయే దారిలో వంక ఉండవచ్చు. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు రోడ్డు, రైలు రెండూ నల్లమల లోంచే పోతాయి. పెద్ద వానలో చెట్లు పడతాయి, కొండచరియలు జారతాయి. కాబట్టి బయలుదేరే ముందు కనుక్కోవాలి. రైలు సంగతి 139 కు ఫోను చేస్తే చెబుతారు. బస్సు సంగతి బస్టాండులో అడగాలి.

తుఫాను కబురు రాగానే ఈ పనులు చేయండి:

1. వాయిదా వేయగలిగిన ప్రయాణం వాయిదా వేయండి. దేవుడు వచ్చే సోమవారమూ ఉంటాడు.

2. ఇంట్లో తొమ్మిదో నెల గర్భిణి ఉంటే, వాన రాకముందే వాగు దాటించండి. నంద్యాలలోనో ఆళ్ళగడ్డలోనో ఆసుపత్రికి దగ్గరున్న బంధువుల ఇంట్లో ఉంచండి. వాగు పొంగితే 108 బండి కూడా ఊళ్ళోకి రాలేదు.

3. బీపీ, షుగరు మందులు వారం రోజులకు సరిపడా తెచ్చుకోండి. బియ్యం, పప్పు, అగ్గిపెట్టె, టార్చిలైటు సిద్ధంగా పెట్టుకోండి. ఫోను నిండా చార్జింగు పెట్టండి.

4. ఆధార్, రేషన్ కార్డు, పాసుపుస్తకాలు ప్లాస్టిక్ కవరులో చుట్టి ఎత్తులో పెట్టండి.

5. కళ్ళంలో ఉన్న గింజలకు పట్టలు కప్పండి. రోడ్డు మీద ఎండబోసినవి ముందే ఎత్తుకోండి. పశువులను వంక ఒడ్డున కట్టేయవద్దు. తాడుతో కట్టిన పశువు ఈదలేదు.

6. వాన నిలిచాక తెగిన కరెంటు తీగను తాకవద్దు. 1912 కు ఫోను చేయండి. తాగే నీళ్ళు కాచి చల్లార్చి తాగండి.

దారిలో ఉండగా వాన ముంచుకొస్తే? ఎత్తైన ఊళ్ళో దిగిపోండి. బడిలోనో, తెలిసినవాళ్ళ ఇంట్లోనో ఆ రాత్రి గడపండి. ఇంటికి ఫోను చేసి చెప్పండి. "ఎట్లయినా రా" అని ఇంటివాళ్ళు తొందర పెట్టవద్దు. చాలామంది ఆ మాట కోసమే నీళ్ళల్లో దిగుతారు. "యాడున్నావో ఆడనే ఉండు" అని చెప్పండి.

మన అక్షరం పనికొచ్చే చోటు

ఒక కాగితం తీసుకోండి. పెద్ద అక్షరాలతో ఈ నంబర్లు రాయండి.

ఆపదలో: 112
అంబులెన్సు: 108
రాష్ట్ర విపత్తుల కేంద్రం: 1070

తలుపు వెనక అంటించండి. మీ వంక దగ్గర కూడా ఒక పలక కట్టండి. "నీళ్ళు పారుతుంటే దాటవద్దు" అని రాయండి. చదువు వచ్చినవాళ్ళు రానివాళ్ళకు ఫోను సందేశం చదివి వినిపించండి. ఇది చిన్న పని కాదు. సమయానికి చదివిన ఒక ముక్క ఒక బస్సును ఆపగలదు.

తాంబూలాలు ఒక రోజు ఆలస్యమైతే ఏమీ కాదు. అన్న, అక్క, బిడ్డ క్షేమంగా ఇల్లు చేరాలి. అదే మంచి ముహూర్తం.

మాట్లాడుకోండి

మీ ఊరికి పోయే దారిలో ఎన్ని వంకలు, ఎన్ని చప్టాలు ఉన్నాయి? వాటి పేర్లు రాయండి.

2019లో మీ ఊళ్ళో నీళ్ళు ఎంత దాకా వచ్చాయి? పెద్దవాళ్ళను అడిగి, ఆ గుర్తు గోడ మీద గీయండి.

వాగు పొంగితే బస్సును ఎక్కడ ఆపాలి? ఆ పని ఎవరు చూస్తారు? ఇప్పుడే అనుకోండి.