పేరు అదే, చోటు వేరు: మెయిల్ సేవాసంస్థ మారినప్పుడు ఉత్తరాల దారి

2008 మార్చి 23న హైదరాబాదు వాణిజ్య విమానాల రాకపోకలు బేగంపేట నుండి శంషాబాదుకు మారాయి. టికెట్లపై కనిపించే హెచ్‌వైడీ అనే సంకేతం నగరాన్ని అనుసరించి శంషాబాదుకు సంక్రమించింది. బేగంపేట సంకేతం ఇప్పుడు బీపీఎం. విమానచోదనలో వాడే నాలుగక్షరాల సంకేతం మాత్రం కదలలేదు. వీఓహెచ్‌వై బేగంపేటకే ఉండగా, శంషాబాదుకు వీఓహెచ్‌ఎస్ ఏర్పడింది. పేరుకూ చోటుకూ గల ఈ భేదమే ఈమెయిల్ వ్యవస్థకూ ఆధారం.

కళాశాల డొమైన్ హెచ్‌వైడీ వంటిది. దాని ఉత్తరాలను ఏ సర్వర్ స్వీకరించాలో డీఎన్ఎస్‌లోని ఎంఎక్స్ రికార్డు తెలుపుతుంది. ఈ విధానాన్ని 1986 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 974 వివరించింది. సేవాసంస్థ మారితే రికార్డును మార్చాలి. పాత సమాధానాన్ని ఇతర సర్వర్లు టీటీఎల్ గడువు ముగిసేదాకా గుర్తుంచుకుంటాయి కనుక, 86,400 సెకన్లున్న గడువును రెండు రోజుల ముందే 300కు తగ్గించడం మేలు. ఇంతవరకు చాలామంది ఎరిగినదే.

అసలు నష్టం మరొకచోట ఉంది. పాత సర్వర్ ఆ డొమైన్‌ను ఇంకా తనదిగానే భావిస్తుంది. అదే సర్వర్‌ను వాడే వేరొక కళాశాల ఆచార్యులు సిద్ధాంతవ్యాస పరీక్షా నివేదికను పంపారనుకుందాం. సర్వర్ ఎంఎక్స్‌ను సంప్రదించదు. తనలోని పాత పెట్టెలోనే వేసి, అందినట్లు నమోదు చేస్తుంది. శంషాబాదు చేరవలసిన సరుకును బేగంపేట గోదాములో దించి రసీదు ఇచ్చినట్లే. పాత హోస్టింగులోనే మిగిలిన వెబ్‌సైట్ దరఖాస్తు ఫారాలకూ ఇదే గతి. గమ్యస్థానపు సర్వర్ అందుబాటులో లేకపోవడమే ఒక విధంగా నయం: ఆర్‌ఎఫ్‌సీ 5321 ప్రకారం పంపే సర్వర్ సాధారణంగా నాలుగైదు రోజులైనా ప్రయత్నించి, అప్పటికీ విఫలమైతే పంపినవారికి తెలియజేయాలి. స్వీకరించి దాచుకున్న ఉత్తరానికి ఆ రక్షణ లేదు.

పరిష్కారం చిన్నదే. పాత సర్వర్‌లో ఆ డొమైన్ మెయిల్‌ను 'లోకల్' నుండి 'రిమోట్'కు మార్చాలి; సీప్యానెల్‌లో ఇది 'ఈమెయిల్ రూటింగ్' కింద ఉంటుంది. అయితే తొందర కూడదు. టీటీఎల్ గడువు తీరకముందే మార్చితే, పాత సమాధానాన్ని నమ్మి వచ్చే ఉత్తరాలను ఆ సర్వర్ తిరస్కరించవచ్చు. గడువు తీరాక మార్చి, ఆలోగా పాత పెట్టెల్లో చేరినవాటిని కొత్తవాటిలోకి నకలు చేసుకోవాలి. పంపే ఉత్తరాల కోసం ఎస్పీఎఫ్ రికార్డులో కొత్త సంస్థను చేర్చడం వేరే పని.

పరీక్షగా జీమెయిల్ నుండి ఒక ఉత్తరం పంపి తృప్తిపడడం సాధారణంగా జరిగే పొరపాటు. అది ఎంఎక్స్‌ను అనుసరించి సక్రమంగానే చేరుతుంది. పాత సర్వర్‌పైనున్న మరొక డొమైన్ ఖాతా నుండీ, వెబ్‌సైట్ ఫారం నుండీ పంపి చూడాలి.