ఒక గ్రామము తన పేరును గాపాడుకొనిన విధము

ఫ్రాన్సుదేశపు దక్షిణభాగమున, అవిన్యోన్ నగరమునకు ఎగువగా, రోన్ నదికి తూర్పుగట్టున షాటోనఫ్-ద్యు-పాప్ అను చిన్న గ్రామము కలదు. పోపుగారి క్రొత్తకోట యని యా మాటకు అర్థము. 1309 మొదలు 1377 వఱకు పోపులు అవిన్యోనులో నివసించిరి. వారిలో ఇరువదిరెండవ జాన్ ఈ గుట్టపై కోట కట్టించెను. నేడది శిథిలము. గ్రామమునకు ఖ్యాతి తెచ్చినది అచటి చిక్కని యెఱ్ఱ ద్రాక్షాసవము.

మద్యమును మన యిండ్లకు పరిచయము చేయుట మా యుద్దేశము కాదు. త్రాగుడువలన చెడిన సంసారములను ఎఱుగని సోదరీమణి యుండదు. అయినను, కల్తీనేయి కొని మోసపోయిన ప్రతి గృహిణికిని ఈ గ్రామస్థుల కథ వినదగియున్నది.

అచటి పొలములు చూచినవారు ఇది సేద్యపునేలయా యని సందేహింతురు. పెక్కుచోట్ల మన్ను కానరాకుండ నున్నని గుండ్రాళ్లు పఱచుకొని యుండును. పగటియెండకు కాగిన యా రాళ్లు రాత్రివేళ తీగలకు వెచ్చదనము నిచ్చును. ఉత్తరమునుండి వీచు మిస్ట్రల్ అను చలిగాలి తడి నార్చి బూజు పట్టనీయదు. ఇందు ముఖ్యముగా పండునది గ్రెనాష్ అను ద్రాక్ష. దానికి తీపి మెండు. నల్లద్రాక్షయైనను పిండిన రసము ఇంచుమించు తెల్లగనే యుండును. రంగును వగరును తొక్కలో నున్నవి. కావున తొక్కలతోనే పులియబెట్టి, కొన్నిదినము లట్లే యుంచి, పిదప వడియగట్టుదురు.

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున అమెరికానుండి వచ్చిన ఫిలాక్సెరా యను పురుగు ఫ్రాన్సు ద్రాక్షతోటలను నాశనము చేసెను. 1868లో మోంపెలియే శాస్త్రజ్ఞుడు ప్లాన్షోన్ మొదలగువారు వేళ్లను పరీక్షించి దానిని కనుగొనిరి. అమెరికా ద్రాక్షవేళ్లకు ఆ పురుగు అంతగా హాని చేయదు. మనము మామిడికి అంటు కట్టినట్లే వారును అమెరికా మొదళ్లపై తమ తీగల నంటుకట్టి తోటలను మరల నిలుపుకొనిరి.

పురుగు పోయినను మోసగాండ్రు పోలేదు. ఎచటనో తయారైన సరకును ఈ గ్రామపు పేరుతో అమ్ముచుండిరి. పేరు వీరిది, లాభము వారిది! 1923లో రైతులు బారన్ పియేర్ లెరువా నాశ్రయించిరి. ఆయన న్యాయశాస్త్రము చదివినవాడు. మొదటి ప్రపంచయుద్ధమున విమానము నడపినవాడు. భార్య పుట్టినింటివారి ఫోర్తియా క్షేత్రమును చూచుకొనుచుండెను. ముందు మీరు నిజాయితీకి కట్టుబడుడు, పిదప పరులపై వ్యాజ్యము వేయుద మని యాయన పెట్టిన షరతు.

ఆ నియమములు కఠినమైనవే. థైమ్ అను వాసనమొక్కయు, లావెండరును పెరుగు బీదనేలలే యీ ద్రాక్షకు తగినవని హద్దులు నిర్ణయించిరి. నాటదగిన జాతులను వ్రాసికొనిరి. మద్యసారము నూటికి 12.5 పాళ్లకు తగ్గరాదు. కోతవేళ కుళ్లినవియు పండనివియు ఏరి పాఱవేయవలెను. కష్టపడి పండించినదానిని తన చేతులతో పాఱవేయుట యే రైతునకు సులభము? అయినను ఒప్పుకొనిరి. న్యాయస్థానములలో పెక్కేండ్లు పోరాడి, 1933లో అత్యున్నత న్యాయస్థానమున గెలిచిరి. 1936లో ప్రభుత్వము తొలిసారి చట్టరక్షణ యొసగిన పేర్లలో ఈ గ్రామపు పేరును చేరెను.

ఊరిపేరు ఊరివారి సొత్తనెడి యీ భావము తరువాత అంతర్జాతీయపుటొడంబడికలలో చేరినది. మనదేశమునను 1999లో అట్టి చట్టము వెలసెను. దానిక్రిందనే 2017లో బనగానపల్లె మామిడి నమోదైనది.

షాటోనఫ్ తోటలలో నేటికిని యంత్రముతో కోయరాదు. సెప్టెంబరు వచ్చునప్పటికి స్త్రీలును పురుషులును కత్తెరలు చేతబట్టి, వంగి, ఒక్కొక్క గుత్తిని చూచి కోయుదురు; చెడినది తోటలోనే విడిచిపెట్టుదురు.